అల్లా పుగచోవా: గాయనా, నటా?

సోవియట్ కాలం నుంచి పేరున్న రష్యన్ కళాకారిణి అల్లా పుగచోవా పాటలు పాడారు, సినిమాల్లో నటించారు, సంగీతం కూర్చారు, టీవీ పోటీలు నడిపారు, చివరికి ఒక రేడియో స్టేషన్‌కు తన పేరు ఇచ్చారు. ఇన్నిటిలో ఆమె అసలు పని ఏది, నటిగా ఆమెను ఎంతవరకు లెక్కలోకి తీసుకోవచ్చు, కొత్తగా వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి మీరు అడిగిన మూడు ప్రశ్నలు. చాలా ఏళ్లుగా రష్యన్ పాటలు వింటూ, వాటి సాహిత్యాన్ని మూలంలో చదువుతూ వచ్చినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆమె చాలా గొప్ప నటి, అయితే సినిమా నటిగా మాత్రం కాదు. మూడు నాలుగు నిమిషాల పాటలో ఒక పూర్తి పాత్రను నిలబెట్టడమే ఆమె కళ. మిగిలినవన్నీ, అంటే సినిమా, దర్శకత్వం, స్వరరచన, కొంతవరకు వ్యాపారం కూడా, ఆ కళకు అవసరమై వచ్చినవో, దాని నుంచి పుట్టినవో.

ఈ మాట అర్థం కావాలంటే ఆమె చదువు దగ్గర మొదలుపెట్టాలి. 1949 ఏప్రిల్ 15న మాస్కోలో పుట్టిన పుగచోవా చిన్నప్పటి నుంచి పియానో నేర్చుకున్నారు, తరువాత ఇప్పొలీతొవ్-ఇవానొవ్ సంగీత కళాశాలలో బృందగాన నిర్వహణ విభాగంలో చేరి 1969లో చదువు పూర్తి చేశారు. అంటే ఆమె పట్టా సోలో గానానికి సంబంధించింది కాదు, ఒక గాయక బృందాన్ని నడిపించడానికి సంబంధించింది. ఏ గొంతు ఎప్పుడు పైకి రావాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అనే లెక్క ఆమెకు అక్కడే అలవడింది. ఆమె పాటల్లో మౌనాలు అంత కచ్చితంగా ఉండటానికి ఈ శిక్షణే కారణమని నేను నమ్ముతాను.

కళాశాలలో ఉండగానే, 1965లో, సోవియట్ రేడియో ఉదయపు కార్యక్రమంలో రోబో గురించిన ఒక పాట ఆమె గొంతులో ప్రసారమైంది. ఆ మరుసటి సంవత్సరం ఒక యువజన రేడియో బృందంతో సైబీరియాలోని త్యుమెన్ ప్రాంతానికి వెళ్లి చమురు కార్మికుల ముందు పాడారు. ఇక్కడి నుంచి తారగా ఎదిగారని చాలామంది రాస్తుంటారు గానీ, ఆ తరువాత దాదాపు పదేళ్లు ఆమెను దేశం పట్టించుకోలేదు. సర్కస్ కళాశాలలో పియానో వాయించారు, లీపెత్స్క్ నగరపు బృందంతో ఊరూరా తిరిగారు, ఒలేగ్ లుండ్‌స్ట్రెమ్ జాజ్ ఆర్కెస్ట్రాతో కొంతకాలం పాడారు. లిథువేనియాకు చెందిన సర్కస్ కళాకారుడు మీకోలాస్ ఒర్బాకాస్‌ను పెళ్లి చేసుకున్నారు. 1971లో పుట్టిన వారి కూతురు క్రిస్తీనా తరువాత తానూ నటిగా, గాయనిగా పేరు తెచ్చుకున్నారు. సర్కస్‌తో ఈ పరిచయాన్ని గుర్తుపెట్టుకోండి, దాని ప్రభావం త్వరలోనే కనబడుతుంది.

1974లో అఖిల సోవియట్ వినోద కళాకారుల పోటీలో ఆమెకు మూడో బహుమతి వచ్చింది. ఆ ఏడాదే పావెల్ స్లొబోద్కిన్ నడిపే 'వెస్యోలియె రెబ్యాతా' బృందంలో గాయనిగా చేరారు. 1975లో బల్గేరియాలోని సన్నీ బీచ్‌లో జరిగిన గోల్డెన్ ఆర్ఫియస్ పోటీకి ఆమెను పంపారు. ఆ పోటీలో పాల్గొనేవారు ఒక బల్గేరియన్ పాటను తప్పనిసరిగా పాడాలి. ఆమె ఎంచుకున్నది ఎమిల్ దిమిత్రొవ్ స్వరపరిచిన 'అర్లెకీనో'. మూలంలో అది గంభీరంగా, కాస్త నెమ్మదిగా సాగే పాట. బొరీస్ బర్కాస్ దానికి కొత్తగా రష్యన్ సాహిత్యం రాశారు, స్లొబోద్కిన్ వాద్య కూర్పు మార్చి సర్కస్ డేరాలో వినిపించే ధోరణిని అందులోకి తెచ్చారు. ఆ పాటలో విదూషకుడు తన సంగతి తానే చెప్పుకుంటాడు: అందరినీ నవ్వించడం నా పని, నా బాధ ఎవరికీ పట్టదు అని.

అప్పటి సోవియట్ వేదికపై గాయకులు చాలావరకు మైకు ముందు నిటారుగా నిలబడి, చేతులు పెద్దగా కదపకుండా, స్వచ్ఛమైన గొంతుతో పాడి, వంగి నమస్కరించి వెళ్లిపోయేవారు. పుగచోవా మాత్రం ఆ పాటలో దారం తెగిన బొమ్మలా చేతులు వేలాడదీశారు, తల ఒక పక్కకు వాల్చారు, చరణాల మధ్య పగలబడి నవ్వారు. ఆ నవ్వే పాటకు ప్రాణం. మొదటిసారి వినిపించినప్పుడు అది విదూషకుడి వృత్తిలో భాగమైన నవ్వు. పాట ముందుకు సాగేకొద్దీ అదే నవ్వు ఏడుపుకు దగ్గరవుతుంది, చివరికి వచ్చేసరికి ప్రేక్షకుడికి నవ్వడానికి కాస్త సిగ్గనిపిస్తుంది. ముఖానికి రంగులు వేసుకోకుండా, నాటకం పేరు చెప్పకుండా ఆమె చేసింది పూర్తి స్థాయి నటన. ఆ పోటీలో గ్రాండ్ ప్రి ఆమెకు వచ్చింది, సోవియట్ టీవీలో ఆ ప్రదర్శన ప్రసారమయ్యాక దేశమంతా ఆమె పేరు తెలిసింది. ఆమె వృత్తి జీవితం మొత్తాన్ని ఒకే పాటతో వివరించమంటే నేను ఈ పాటనే చూపిస్తాను.

సరిగ్గా అదే కాలంలో ఆమె చేసిన మరో పని దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంటుంది. ఎల్దార్ ర్యజానొవ్ తీసిన 'విధి వైచిత్రి' 1976 జనవరి 1న టీవీలో వచ్చింది. ఇప్పటికీ రష్యాలో కొత్త సంవత్సరం రాత్రి ఆ సినిమా చూడని ఇల్లు తక్కువ. అందులో నాయిక నాద్యగా పోలెండ్ నటి బార్బరా బ్రిల్‌స్కా కనబడతారు, ఆమెకు మాటలు చెప్పింది వలెంతీనా తలీజినా, పాటలు పాడింది పుగచోవా. ముఖం ఒకరిది, మాట ఒకరిది, పాట మరొకరిది కావడం నేపథ్య గానానికి, డబ్బింగ్‌కు అలవాటుపడిన తెలుగు ప్రేక్షకుడికి వింతేమీ కాదు. అయితే మీరు గమనించవలసింది ఆ గొంతులోని నిగ్రహాన్ని. మికాయెల్ తరివెర్దియెవ్ స్వరపరచిన ఆ పాటల సాహిత్యం మరీనా త్స్వెతాయెవా, బెల్లా అఖ్మదూలినా వంటి కవులది. వాటిని ఆమె దాదాపు గుసగుసగా, తనలో తాను మాట్లాడుకుంటున్నట్లు పాడారు. విదూషకుడి నవ్వు, ఈ గుసగుస ఒకే గాయనివని తెలియని శ్రోతకు చెబితే వెంటనే నమ్మడం కష్టం. పాటకో గొంతు కాదు, పాత్రకో గొంతు అనేది ఆమె పద్ధతి. ఆ పద్ధతి ఇక్కడే పూర్తిగా రూపుదిద్దుకుంది.

ఇప్పుడు మీరు ప్రత్యేకంగా అడిగిన సినిమా విషయానికి వస్తాను. 'పాడే స్త్రీ' అనే అర్థం వచ్చే పేరుతో అలెక్సాందర్ ఒర్లొవ్ దర్శకత్వంలో మాస్‌ఫిల్మ్ తీసిన చిత్రంలో ఆమె అన్నా స్త్రెల్త్సొవా అనే గాయని పాత్ర ధరించారు. గాయనిగా పేరు సంపాదించుకునే క్రమంలో కుటుంబ జీవితాన్ని పోగొట్టుకునే స్త్రీ కథ అది. 1970ల చివరలో విడుదలైన ఆ చిత్రాన్ని సోవియట్ థియేటర్లలో 5 కోట్లకు పైగా ప్రేక్షకులు చూశారు, 'సొవియెత్‌స్కీ ఎక్రాన్' సినిమా పత్రిక పాఠకులు 1979 సంవత్సరానికి ఉత్తమ నటిగా ఆమెకే ఓటు వేశారు. ఈ సంఖ్యను, ఈ ఓటును చూపించి ఆమె గొప్ప సినిమా నటి అని వాదించేవారు ఉన్నారు. నేను ఆ వాదనతో ఏకీభవించను. సినిమాను ఇప్పుడు శ్రద్ధగా చూడండి. మాటల సన్నివేశాల్లో ఆమె కాస్త బిగుసుకుపోయి ఉంటారు, ఎదుటి నటుడు మాట్లాడుతున్నప్పుడు వినడం కంటే తన వంతు కోసం ఎదురుచూస్తున్నట్లు కనబడతారు. పాట మొదలైన మరుక్షణం అదే ముఖంలో, అదే దేహంలో ప్రాణం వస్తుంది. ప్రేక్షకులు ఓటు వేసింది ఆ పాటల్లోని నటికే. అందువల్ల వారి తీర్పు తప్పని నేను అనను, అది ఎవరికి దక్కిన తీర్పో సరిగా గుర్తించాలని మాత్రమే అంటున్నాను.

ఈ సినిమా ఆమె వృత్తిలో ఇంకో కారణంగా కూడా కీలకమైంది. సంగీత దర్శకుడు అలెక్సాందర్ జత్సేపిన్ అప్పటికే పెద్ద పేరున్న వ్యక్తి, ఆమెకు కొన్ని అద్భుతమైన పాటలు ఇచ్చినవారు కూడా. సినిమాలో ఆయన పాటలతో పాటు బొరీస్ గొర్బొనొస్ అనే తెలియని యువకుడివని చెప్పి మరికొన్ని పాటలు చేర్చారు. ఆ యువకుడు లేడు, ఆ పేరు వెనుక ఉన్నది పుగచోవానే. గాయని తానే స్వరాలు కూర్చుకోవడాన్ని స్వరకర్తల సంఘం సభ్యులు సులభంగా ఒప్పుకోని కాలం అది, కాబట్టి మారుపేరు పెట్టుకోవడం అర్థం చేసుకోదగినదే. అయితే తన సమ్మతి లేకుండా వేరొకరి పాటలు తన చిత్రంలోకి రావడం జత్సేపిన్‌కు బాధ కలిగించింది, వారిద్దరూ కలిసి పనిచేయడం ఆగిపోయింది. ఈ విషయంలో నా సానుభూతి జత్సేపిన్ వైపే ఉంటుంది. ఆమె ప్రతిభ ఎంత నిజమో, ఆ మారుపేరు వల్ల ఒక సహచరుడు నొచ్చుకున్నదీ అంతే నిజం.

గొర్బొనొస్ పేరుతో మొదలైన స్వరరచన ఆమెను ఎక్కడికి తీసుకువెళ్లిందో చూస్తే మాత్రం ఆ పని ఎంత విలువైనదో తెలుస్తుంది. సమూయిల్ మర్షాక్ అనువదించిన షేక్‌స్పియర్ సానెట్‌కు ఆమె స్వరం కట్టారు. లెనిన్‌గ్రాద్ నగరం మీద ఒసీప్ మందెల్‌ష్తామ్ రాసిన కవితను కొన్ని మార్పులతో పాటగా చేసి రికార్డు చేశారు. మందెల్‌ష్తామ్ 1938లో స్టాలిన్ కాలపు నిర్బంధ శిబిరంలో చనిపోయిన కవి. లక్షల మంది వినే పాప్ గాయని ఒకరు ఆయన పదాలను ఎంచుకుని రికార్డు మీదకు ఎక్కించడం ఆ కాలంలో చిన్న విషయం కాదు. సోవియట్ రచనలను మాస్కో ప్రచురణాలయాల తెలుగు అనువాదాల్లో చదివి పెరిగిన పాఠకులకు కూడా ఈ కవి పేరు అంతగా తెలియదు, ఎందుకంటే ఆ సంస్థలు అనువదించడానికి ఎంచుకున్న జాబితాలో ఆయనకు చోటు ఉండేది కాదు. అందుకే ఈ పాట దగ్గర నేను ఎప్పుడూ ఎక్కువసేపు ఆగుతాను.

తరువాత ఆమె మాస్కోలోని గితిస్ నాటక విద్యాసంస్థలో దర్శకత్వ విభాగంలో చదివి 1981లో పట్టా పొందారు. అప్పటికే దేశమంతా తెలిసిన తార మళ్లీ విద్యార్థిగా కూర్చోవడం వెనుక స్పష్టమైన ఉద్దేశం ఉంది. కచేరీని పాటల వరుసగా కాకుండా, మొదలు, నడిమి, ముగింపు ఉన్న నాటకంగా కట్టాలని ఆమె కోరుకున్నారు. ఆమె పట్టా ప్రదర్శన 'గాయని స్వగతాలు' అలా రూపొందిందే. దీపాల వెలుగు ఎక్కడ తగ్గాలి, ఏ పాట తరువాత ఏ పాట రావాలి, వేదిక మీద తన స్థానం ఎప్పుడు మారాలి అనేవన్నీ ఆమె తానే నిర్ణయించుకున్నారు. సినిమా రంగంతో ఆమె సంబంధం మాత్రం ఆ రోజుల్లోనే దెబ్బతింది. అప్పటి భర్త, దర్శకుడు అలెక్సాందర్ స్తెఫనొవిచ్ ఆమె కోసం తలపెట్టిన చిత్రం, వారు విడిపోయాక, 'ఆత్మ' అనే పేరుతో మరో ప్రసిద్ధ గాయని సోఫియా రొతారు నాయికగా 1981లో వచ్చింది.

ఆ దశాబ్దపు మొదటి సగంలో ఆమెకు దొరికిన గొప్ప తోడు లాత్వియా స్వరకర్త రైమొండ్స్ పౌల్స్. ఇల్యా రెజ్నిక్ సాహిత్యంతో వచ్చిన 'మయెస్త్రో'లో పౌల్స్ పియానో దగ్గర కూర్చుంటే, ఆయనను చూస్తూ ఆమె పాడతారు. పాట అక్కడ ఇద్దరు పాత్రల సన్నివేశంగా మారిపోతుంది. 'పది లక్షల ఎర్ర గులాబీలు' గురించి మీరు ఇప్పటికే విని ఉండవచ్చు. దాని స్వరం మొదట లాత్వియన్ భాషలో, ఆడపిల్లకు ప్రాణమిచ్చి ఆనందాన్ని ఇవ్వడం మరిచిన మారా దేవత గురించిన విషాద గీతంగా వచ్చింది. ఆంద్రేయ్ వొజ్నెసెన్‌స్కీ రష్యన్‌లో పూర్తిగా వేరే కథ రాశారు: నటిని ప్రేమించిన చిత్రకారుడు ఇల్లు అమ్మేసి ఆమె కిటికీ ముందు గులాబీలు పరిచిన కథ. జార్జియా చిత్రకారుడు నికో పిరొస్మనీ గురించిన ఐతిహ్యం దానికి ఆధారం. జపాన్‌లో తొకికో కాటో పాడగా అక్కడా ఆ పాటకు గొప్ప ఆదరణ దక్కింది. నా మటుకు నాకు అది ఆమె గొప్ప పాటల్లో ఒకటి కాదు, అందులో ఆమె కథ చెబుతారే తప్ప పాత్ర కారు. ఆమె పేరు ప్రపంచానికి ఎక్కువగా తెలిసింది ఆ పాటతోనే కావడం యాదృచ్ఛికం.

1985లో 'వచ్చాను, చెబుతున్నాను' అనే చిత్రంలో ఆమె తన పాత్రనే తాను ధరించారు. అందులో కథ పలుచన, కచేరీ చిక్కన. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన కొన్ని వారాలకే, 1986 మే 30న, బాధితుల సహాయ నిధి కోసం మాస్కోలోని ఒలింపీస్కీ క్రీడాప్రాంగణంలో జరిగిన కచేరీలో ఆమె రాక్ సంగీత బృందాలతో కలిసి పాడారు. ఆ సెప్టెంబరులో ప్రమాద ప్రాంతానికి వెళ్లి, శుద్ధి పనుల్లో ఉన్న కార్మికుల ముందు పాడారు. 1988లో తన సొంత 'పాటల థియేటర్' స్థాపించి, 'క్రిస్మస్ కలయికలు' అనే వార్షిక ప్రదర్శనను మొదలుపెట్టారు. అందులో ఆమె గాయని, దర్శకురాలు, ఆతిథ్యం ఇచ్చే ఇల్లాలు కూడా. కొత్త గాయకులను వెంటబెట్టుకుని వచ్చి ప్రేక్షకులకు పరిచయం చేసేవారు. 1991 డిసెంబరులో, సోవియట్ యూనియన్ రద్దు కావడానికి కొద్ది రోజుల ముందు, ఆమెకు ఆ దేశపు ప్రజా కళాకారిణి బిరుదు లభించింది.

1997లో డబ్లిన్‌లో జరిగిన యూరోవిజన్ పోటీకి, అంటే యూరప్ దేశాల మధ్య జరిగే పాటల పోటీకి, రష్యా తరఫున తాను స్వరపరచిన 'ప్రిమడొన్నా' పాటతో వెళ్లి 33 పాయింట్లతో 15వ స్థానంలో నిలిచారు. దీన్ని వైఫల్యమని కొట్టిపారేసేవారితో నేను ఒప్పుకోను. ఆమె పాటలోని పాత్ర ముప్పై ఏళ్ల పరిచయం మీద నిలుస్తుంది. ఆ పాటలో వేదికను ఏలిన గాయని అలసటను రష్యన్ శ్రోత వెంటనే గుర్తుపడతాడు, మూడు నిమిషాల్లో మొదటిసారి చూస్తున్న యూరప్ ప్రేక్షకుడికి ఆ పరిచయం లేదు. అదే ఏడాది ఆమె పాడిన 'నన్ను నీతో రమ్మని పిలువు' ఎంత లోతైన ప్రభావం చూపిందో చూడండి. దాన్ని రాసి, స్వరపరచిన తత్యానా స్నెజినా అనే యువతి 1995లో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆమె పాటను దేశమంతటికీ చేర్చింది పుగచోవానే.

ఆ తరువాతి వ్యాపారాల గురించి క్లుప్తంగా చెబితే సరిపోతుంది. పాదరక్షలకు తన పేరు ఇచ్చారు, 2004లో 'స్టార్ ఫ్యాక్టరీ' అనే టీవీ పాటల పోటీ ఐదో విడతకు నాయకత్వం వహించారు, 2007లో 'రేడియో అల్లా' మొదలైంది, 2011లో మూతబడింది. వీటిలో రేడియో ఒక్కటే ఆమె అభిరుచిని నిజంగా ప్రతిబింబించిందని నా అభిప్రాయం. నటన విషయానికి వస్తే, 2003 చివరలో వచ్చిన 'రెండు కుందేళ్ల వెంట' అనే నూతన సంవత్సర టీవీ సంగీత చిత్రంలో ప్రోన్యా ప్రొకొపొవ్నా పాత్రను తప్పక చూడండి. పెళ్లి కోసం ఆరాటపడే, డంబాలు పోయే ఆ పాత్రలో ఆమె తన ముఖాన్ని, వయసును, గొంతులోని బొంగురును ఏమాత్రం దాచుకోకుండా హాస్యానికి అప్పగించారు. 1970లలో కెమెరా ముందు ఉన్న బిగుసుదనం ఇందులో లేదు, ఎందుకంటే చిత్రం మొత్తం పాటల మీదే నడుస్తుంది. కథానాయకుడిగా నటించిన హాస్య కళాకారుడు మక్సీమ్ గాల్కిన్ తరువాత ఆమె భర్త అయ్యారు.

2009 మార్చిలో కచేరీ యాత్రలు ముగిస్తున్నట్లు ప్రకటించారు, 2019 ఏప్రిల్ 17న క్రెమ్లిన్ ప్యాలెస్‌లో మళ్లీ ఒక పూర్తి కచేరీ ఇచ్చారు. 2022లో గాల్కిన్‌ను రష్యా ప్రభుత్వం 'విదేశీ ఏజెంట్ల' జాబితాలో చేర్చినప్పుడు, సెప్టెంబరు 18న ఇన్‌స్టాగ్రామ్‌లో తనను కూడా అదే జాబితాలో చేర్చమని న్యాయ శాఖను బహిరంగంగా కోరారు. ఉక్రెయిన్ యుద్ధం సాగుతున్న ఆ సమయంలో, భ్రమల కోసం దేశపు కుర్రాళ్లు చనిపోవడం ఆగాలని అదే ప్రకటనలో రాశారు. అప్పటి నుంచి ఆమె జీవితం ఎక్కువగా దేశం బయటే గడుస్తోంది. ప్రభుత్వ బిరుదులన్నీ అందుకున్న కళాకారిణి ఆ వయసులో ఆ మాట రాయడానికి చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యం పట్ల నాకు గౌరవం ఉంది.

మీ మూడో ప్రశ్నకు సమాధానం ఇది. మొదట 1975 నాటి 'అర్లెకీనో'ను ఆడియోగా కాకుండా వీడియోగానే చూడండి, చేతుల కదలికలు లేకుండా ఆ పాట సగమే. వెంటనే 'విధి వైచిత్రి' పాటలు వినండి. తరువాత మార్క్ మీన్‌కొవ్ స్వరపరచిన, వెరోనికా తుష్నొవా కవిత ఆధారంగా వచ్చిన 'ప్రేమించేవారు వదులుకోరు' వినండి. ఆ తరువాత లెనిన్‌గ్రాద్ పాట, 'మయెస్త్రో', స్నెజినా పాట వరుసగా వస్తే ఆమె పరిధి మీకు తెలుస్తుంది. ప్రతి పాటకూ ముందు దాని భావాన్ని ఎక్కడైనా అనువాదంలో చదువుకోండి. ఆమె ఒక మాట దగ్గర ఎందుకు ఆగారో, ఎందుకు స్వరం తగ్గించారో అప్పుడే పట్టుబడుతుంది. 'పాడే స్త్రీ' చిత్రాన్ని మాత్రం ఇవన్నీ అయ్యాకే చూడండి, ముందుగా చూస్తే ఆమె నటనను ఆ మాటల సన్నివేశాలతో కొలిచే ప్రమాదం ఉంది.